పిడికెడు బియ్యం

పాఠ్యోద్దేశం

దానం చేయడానికి ధనం కావాలని లోకంలో చాలామంది భావిస్తారు. కాని ఇవ్వాలనే మనస్సు ఉన్నవారికి పిడికెడు గింజలైనా చాలు. ఏమీ లేనివారని లోకం అనుకున్న పల్లె ప్రజలు దాతలుగా ఎలా నిలిచారో, ఇవ్వడంలోని ఆనందానికీ కృతజ్ఞతకూ గల సంబంధం ఏమిటో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

కుచేలుడు ద్వారకకు వెళ్ళిన కథ తెలుగు పిల్లలు విన్నదే. చినిగిన ఉత్తరీయపు కొంగున ముడివేసి తెచ్చిన అటుకులను చిన్ననాటి స్నేహితుని ముందు విప్పడానికి ఆయన సిగ్గుపడ్డాడు. శ్రీకృష్ణుడే చొరవగా ఆ ముడి విప్పి, ఒక పిడికెడు అటుకులు తీసుకొని ఎంతో ఇష్టంగా ఆరగించాడు. ద్వారకానగరానికి ప్రభువైనవానికి అటుకులకు కొదవా? కొదవ లేదు. కాని ఆ పిడికెడు అటుకులలో కుచేలుని మనస్సు ఉంది. అందుకే అవి అంత రుచించాయి.

పిడికెడు అనేది చాలా చిన్న కొలత. అయినా ఆ చిన్న కొలతతోనే ఒక ప్రాంతపు పేద ప్రజలు తమ పాఠశాలలను, ప్రార్థనాలయాలను నిలబెట్టుకున్నారు. వారికి ఆ దారి చూపినవారు తమిళనాడు నుంచి తెలుగు నాడుకు వచ్చి, తెలుగు నేర్చుకొని, తెలుగువారి మధ్యనే జీవితం గడిపిన ఒక మహనీయుడు. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై అనే గ్రామంలో జన్మించారు. తండ్రి పల్లెటూరి క్రైస్తవ గురువు. అజరయ్యగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకున్నారు. తరువాత యువకుల సేవాసంస్థ అయిన వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా పనిచేస్తూ దేశమంతటా తిరిగారు. 1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్ళినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు పరాయివారి సొమ్ముకు ఎదురుచూడకుండా తమ కానుకలతోనే సేవాకార్యాలు నడుపుకోవడం చూశారు. 'మా ఊళ్ళలో మేమెందుకు ఈ పని చేయలేకపోతున్నాం?' అన్న ప్రశ్న ఆయనను వదలలేదు. మరుసటి సంవత్సరం, అంటే 1903లో, తిరునల్వేలిలో భారతీయ మిషనరీ సంఘం ఏర్పడింది. భారతీయుల ధనంతో, భారతీయుల చేత, భారతీయుల నిర్వహణలో సేవ జరగాలన్నది ఆ సంఘం ఆశయం. ఆ సంఘం సేవకు ఎన్నుకొన్న స్థలం డోర్నకల్. అప్పట్లో అది నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో ఉండేది. ఇప్పుడు తెలంగాణ రాష్ట్రంలోని మహబూబాబాద్ జిల్లాలో ఉంది.

ఇతరులను పంపి తాను ఊరకుండడం అజరయ్యగారికి నచ్చలేదు. 1909లో తానే కుటుంబంతో డోర్నకల్ చేరారు. ఆయన మాతృభాష తమిళం. అయినా పల్లె ప్రజలతో వారి మాటలోనే మాట్లాడాలని పట్టుదలతో తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ పదవి ఇచ్చారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే.

డోర్నకల్ ప్రాంతంలో క్రైస్తవ సంఘంలో చేరినవారిలో చాలామంది దళితులు. అస్పృశ్యత అనే దురాచారం వారిని ఊరికి దూరంగా నెట్టింది. వారిలో ఎక్కువమందికి సొంత భూమి లేదు. ఒకరి పొలంలో పొద్దంతా పనిచేస్తే కూలి కింద గింజలే దొరికేవి. ఆ గింజలతోనే పొయ్యి వెలగాలి, ఆ గింజలతోనే ఉప్పూ చింతపండూ కొనుక్కోవాలి. వానలు పడకపోతే కూలీ లేదు, కూడూ లేదు. తరతరాలుగా వారికి అలవాటైనది ఒక్కటే, పెట్టినది పుచ్చుకోవడం.

ఇటువంటివారిని 'మీరూ ఇవ్వండి' అని అడగవచ్చునా? ఇది సామాన్యమైన ప్రశ్న కాదు. పేదలను కానుకలు అడగడం దయలేని పని అని చాలామందికి అనిపించింది. పాఠశాలకు కావలసినది, ఉపాధ్యాయునికి కావలసినది విదేశాలనుంచి వస్తూనే ఉంది కదా, వీరిని పీడించడం ఎందుకని వారి వాదం. ఆ వాదంలో జాలి ఉంది. జాలి మంచి గుణమే.

అయితే అజరయ్యగారు మరొక వైపునుంచి ఆలోచించారు. ఎల్లప్పుడూ పుచ్చుకొనేవాని చేయి కిందనే ఉంటుంది. చేయి కిందనే ఉన్నంతకాలం తల కూడా వంగే ఉంటుంది. 'నీవు పేదవాడివి, నీవేమీ ఇవ్వనక్కరలేదు' అని చెప్పడం పైకి దయగా కనిపించినా, ఆ మాట వినేవానికి 'నీవల్ల ఏమీ కాదు' అని చెప్పినట్లే అవుతుంది. అంటే అతనికి ఉన్న పేదరికానికి ఇంకొక పేదరికాన్ని జతచేసినట్లే. ఇవ్వడంలో ఉన్న ఆనందం ధనవంతులకే దక్కడం న్యాయం కాదని, పేదవానికి కూడా ఆ ఆనందంలో భాగం ఉండాలని ఆయన విశ్వాసం. ఈ విషయం మీద ఆయన ఒక చిన్న పుస్తకం కూడా రాశారు.

మరి ఏమి ఇవ్వాలి? డబ్బు చేతిలో ఆడని ఇళ్ళు అవి. అందువల్ల కానుక వంటింటినుంచే మొదలైంది. ఇల్లాలు వంటకు బియ్యమో జొన్నలో కొలిచేటప్పుడు, ఎసట్లో పోయడానికి ముందే ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. అలా వేస్తూ దేవునికి మనసులో కృతజ్ఞత చెప్పుకొంటుంది. వారం తిరిగేసరికి ఆ కుండలో కొన్ని గింజలు పోగవుతాయి. ఆదివారంనాడు వాటిని ప్రార్థనాలయానికి తీసుకొనివెళ్ళి అందరి గింజలతో కలిపి పోస్తుంది. ఊరి గురువుకూ ఉపాధ్యాయునికీ జరుగుబాటు, తమకంటె పేదవారికి సహాయం, సంఘం ఖర్చులు, అన్నింటికీ ఆ గింజలు పనికివస్తాయి.

ఈ ఏర్పాటులో ఒక చక్కని న్యాయం ఉంది. కుండలో పడే గింజలు ఇంటి వంటను బట్టే ఉంటాయి. రెండు పూటలు వండిన ఇంటినుంచి రెండు పిడికిళ్ళు, ఒక పూట వండిన ఇంటినుంచి ఒక పిడికెడు. పొయ్యి వెలగని రోజున ఆ ఇంటినుంచి ఏమీ రానక్కరలేదు. అడిగేవారు లేరు, లెక్క రాసేవారు లేరు. పైగా ఈ కానుక ఇంటి యజమాని సంచిలోనుంచి వచ్చేది కాదు. వంట చేసే స్త్రీ తన చేతితో తీసి ఇచ్చేది. పొలంలో కూలి చేసి, ఇంట్లో చాకిరి చేసి, ఎక్కడా తన పేరు వినిపించని ఆ ఇల్లాలు ఊరి పాఠశాలను పోషించే దాతలలో ఒకరైంది.

పిడికెడు గింజలతో ఏమవుతుందని అనిపించవచ్చు. ఒక లెక్క చేసి చూద్దాం. ఒక పల్లెలో 50 ఇళ్ళు ఉన్నాయనుకుందాం. ఒక పిడికెడు 50 గ్రాములు తూగుతుందనుకుందాం. పూటకొక పిడికెడు చొప్పున రెండు పూటలు తీసిపెడితే ఒక్కొక్క ఇంటినుంచి రోజుకు 100 గ్రాములు, పల్లె మొత్తం మీద 5 కిలోలు. నెల తిరిగేసరికి 150 కిలోలు! ఆ రోజుల్లో పల్లెల్లో కిలోలు లేవు. సోలలు, తవ్వలు, మానికలు, కుంచాలు ఉండేవి. ఏ కొలతతో కొలిచినా ఫలితం ఒక్కటే. ఒక్క ఇంటికి లోటు తెలియదు, ఊరికి మాత్రం మేలెంతో జరుగుతుంది.

పంటలు ఇంటికి చేరిన తరువాత కృతజ్ఞతార్పణ పండుగ వస్తుంది. దీనినే కోతపండుగ అని కూడా అంటారు. తెలుగు క్రైస్తవుల ఊళ్ళలో ఆ రోజు చూడవలసిందే. ఒకరు వరికంకుల కట్ట భుజాన వేసుకొని వస్తారు. ఒకరు గుమ్మడికాయ, మరొకరు సొరకాయ, ఇంకొకరు కోడిపుంజును చంకన పెట్టుకొని వస్తారు. మేకపిల్లను తోలుకొని వచ్చేవారు కొందరైతే, రెండు కోడిగుడ్లను కొంగున జాగ్రత్తగా పట్టుకొని వచ్చే అవ్వలు కొందరు. పిల్లలు పూలు తెస్తారు. ప్రార్థన అయిన తరువాత వాటిని వేలం వేస్తారు. ఒకరు కోడిగుడ్డును అసలు ధరకంటె ఎక్కువకు పాడుకొని, డబ్బు చెల్లించి, ఆ గుడ్డును మళ్ళీ కానుకగా ఇచ్చివేస్తారు. అది మళ్ళీ వేలానికి వస్తుంది. నవ్వులతో, పాటలతో ఆ ఆవరణ నిండిపోతుంది. గుడ్డు తెచ్చిన అవ్వ ముఖం మేక తెచ్చిన రైతు ముఖంతో సమానంగా వెలుగుతుంది. ఆ వెలుగే ఈ పండుగకు అసలైన పంట.

డోర్నకల్‌లో ఈనాటికీ నిలిచి ఉన్న ఎపిఫనీ దేవాలయం ఆ రోజులను గుర్తుచేస్తుంది. హిందూ దేవాలయాలలోని స్తంభాల తీరు, మసీదుల గుమ్మటాల తీరు, క్రైస్తవ సిలువ, మూడూ ఆ కట్టడంలో కలిశాయి. ఏళ్ళ తరబడి సాగిన నిర్మాణం పూర్తి అయి, 1939 జనవరి 6న దాని ప్రతిష్ఠ జరిగింది. ధనవంతులు ఒక్కసారిగా సొమ్ము కుమ్మరించి కట్టించిన భవనం అయితే అంత ఆలస్యం జరిగి ఉండేది కాదు. కాని అందులో పల్లె ప్రజల చిన్న చిన్న కానుకలు కూడా ఉన్నాయి. అందుచేత ఆ ప్రజలు దాని ముందు నిలబడి 'ఇది మాది' అని చెప్పుకోగలిగారు. అజరయ్యగారు 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

అజరయ్యగారి జీవితంలోని మరొక సంఘటన ఇక్కడ చెప్పుకోదగినది. 1910లో స్కాట్లండులోని ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ఆ సభలో ఆయన పాశ్చాత్యులతో నిర్భయంగా ఒక మాట చెప్పారు. భారతదేశానికి వారు చేసిన త్యాగాలను ఆయన మరచిపోలేదు. వాటికి కృతజ్ఞత తెలుపుతూనే, వాటితో పాటు సమానులుగా చూసే స్నేహం కూడా కావాలని కోరారు. ఆ మాట ఆనాడు కొందరికి కష్టం కలిగించింది. కాని అందులోని సత్యం కాదనరానిది. స్నేహం లేని దానం పుచ్చుకొనేవానిని చిన్నబుచ్చుతుంది. స్నేహంతో ఇచ్చినది పిడికెడైనా ఇద్దరినీ ఒక్కచోట కూర్చోబెడుతుంది.

కృతజ్ఞత అంటే మేలు చేసినవారికి నమస్కారం పెట్టి ఊరుకోవడం మాత్రమే కాదు. పొందిన మేలును మరొకరికి అందించడం కూడా కృతజ్ఞతే. బావినుంచి తోడుకొనేవాడు బావికి నీరు తిరిగి ఇవ్వలేడు. దాహంతో వచ్చిన మరొకనికి ఒక చెంబు నీరు ఇవ్వగలడు. అన్నం దొరికినందుకు సంతోషించిన ఇల్లాలు, ఆ సంతోషంలోనుంచే పిడికెడు గింజలు తీసిపెట్టింది. అందువల్ల ఆ కానుక ఆమెకు బరువు అనిపించలేదు. భయంతో ఇచ్చేది పన్ను. పేరుకోసం ఇచ్చేది వ్యాపారం. కృతజ్ఞతతో ఇచ్చేదే దానం. దానాన్ని బలవంతంగా రాబట్టేచోట, ఇచ్చినది చాటింపు వేసేచోట, ఇవ్వలేనివారిని చిన్నచూపు చూసేచోట ఆనందం నిలవదు.

ఇటువంటి ఆచారం ఏ ఒక్క మతానికో, ప్రాంతానికో చెందినది కాదు. ఈశాన్య భారతంలోని మిజోరాంలో క్రైస్తవ స్త్రీలు 1910 నుంచి ఇదే విధంగా వంటకు ముందు పిడికెడు బియ్యం తీసిపెడుతున్నారు. తమిళనాడులోని వడలూరులో రామలింగస్వామి 1867లో ధర్మశాల స్థాపించారు. ఆకలిగొన్నవారికి కులమతాలు అడగకుండా అన్నం పెట్టడం దాని నియమం. ఆనాడు వెలిగించిన పొయ్యిని ఈనాటికీ ఆరనివ్వకుండా కాపాడుతున్నారు. కర్ణాటకలో తుమకూరు దగ్గరి సిద్ధగంగ మఠం వేలాది విద్యార్థులకు అన్నం, వసతి, విద్య అందిస్తున్నది. అక్కడ దీనిని దాసోహం అంటారు. మహారాష్ట్రలో గోదావరి ఒడ్డున ఉన్న నాందేడు గురుద్వారాలో లంగరు పంక్తిలో ధనికుడు, పేద పక్కపక్కనే కూర్చొని భోజనం చేస్తారు. ముస్లిములు రంజాన్ పండుగ నమాజుకు ముందే ఇంట్లోని ఒక్కొక్కరి తరఫున నిర్ణీతమైన కొలత ధాన్యం గాని, దాని వెల గాని పేదలకు ఇస్తారు. దీనికి ఫిత్రా అని పేరు. పండుగనాడు ఏ ఇంట్లోనూ పస్తు ఉండరాదన్నది ఇందులోని భావం. పేర్లు వేరు, ప్రార్థనలు వేరు. గింజలు తీసిపెట్టే చేయి మాత్రం ఒక్కటే.

'ముష్టి' అనే మాటను గమనించండి. సంస్కృతంలో ఈ మాటకు పిడికిలి అని అర్థం. ఇంటి ముందుకు వచ్చినవారికి పిడికెడు గింజలు పెట్టడం వాడుకగా ఉండడంతో, తెలుగులో ఆ మాటకు బిచ్చం అనే అర్థం వచ్చింది. క్రమంగా అది తిట్టుగా కూడా మారింది. మాట అలా దిగజారడానికి కారణం గింజలు కాదు, పెట్టేవారి చూపు. అదే పిడికెడును కృతజ్ఞతతో కుండలో వేసిన పల్లె స్త్రీలు దానికి మళ్ళీ గౌరవం తెచ్చారు.

చేతిని పిడికిలిగా మూస్తే అది దాచుకోవడానికీ పనికివస్తుంది, కొట్టడానికీ పనికివస్తుంది. గింజలు పట్టుకొని మరొకరి పాత్ర మీద తెరిస్తే అదే చేయి ఆకలి తీరుస్తుంది. ఏమి ఇచ్చినా, ఎంత ఇచ్చినా, తెరిచిన చేతిలోనే ఆనందం ఉంది.

కఠిన పదాలు – అర్థాలు

ఉత్తరీయం = పై బట్ట
కొదవ = తక్కువ, లోటు
ఎసరు = అన్నం వండడానికి కాచే నీరు
జరుగుబాటు = జీవనానికి కావలసిన ఆధారం
కృతజ్ఞత = పొందిన మేలును మరవకుండడం
గుమ్మటం = కట్టడంపై గుండ్రని కప్పు
పస్తు = తిండి లేకుండా ఉండడం

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి.
1. కుచేలుడు అటుకుల ముడి విప్పడానికి ఎందుకు సిగ్గుపడి ఉంటాడు?
2. భారతీయ మిషనరీ సంఘం ఆశయం ఏమిటి?
3. ఫిత్రా అంటే ఏమిటి?

ఆ) కింది ప్రశ్నలకు ఎనిమిది, పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. పేదలను కానుకలు అడగడం గురించి ఈ పాఠంలో రెండు వాదాలు ఉన్నాయి. వాటిని వివరించి, మీ అభిప్రాయం రాయండి.
2. పిడికెడు బియ్యం ఏర్పాటులో ఉన్న న్యాయం ఏమిటి?
3. 'స్నేహం లేని దానం పుచ్చుకొనేవానిని చిన్నబుచ్చుతుంది.' ఈ వాక్యాన్ని మీకు తెలిసిన ఒక ఉదాహరణతో సమర్థించండి.

ఇ) పదజాలం
1. చేతితో కొలిచే కొలతలు ఇవి: చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు. ఒక్కొక్కదానిని సొంత వాక్యంలో ప్రయోగించండి.
2. ప్రకృతి – వికృతులు గుర్తుంచుకోండి: భిక్షం – బిచ్చం, సంతోషం – సంతసం, పుణ్యం – పున్నెం.

ఈ) వ్యాకరణం
1. విడదీసి, సంధి పేరు రాయండి: కృతజ్ఞతార్పణ, దేవాలయం, మేలెంతో.
2. విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి: కులమతాలు, అన్నదానం.

ఉ) చేయవలసిన పని
మీ ఊళ్ళో గుడి, మసీదు, చర్చి, గురుద్వారా, మఠం వంటి చోట్ల అన్నదానం గాని, ధాన్యం సేకరించడం గాని ఎలా జరుగుతుందో పెద్దలను అడిగి తెలుసుకోండి. అక్కడి భాషలో దానికి ఏ పేరు ఉందో, తెలుగులో ఏమంటారో కూడా రాసి, తరగతిలో చదివి వినిపించండి.